ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఎవరున్నారు?

2022 జనవరి మొదటి వారంలో విశాఖ తీరంలో పడవలు తగలబడ్డాయి. నిప్పు పెట్టింది బయటివాళ్లు కాదు. బీచ్ రోడ్డు వెంట కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలరి పేటలవే రెండు పక్షాలూ. ఒకవైపు పెద జాలరిపేట, మరోవైపు వాసవానిపాలెం, జాలరి ఎండాడ. ఒకే గంగమ్మకు మొక్కేవాళ్లు, పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లు సముద్రం మీద ఒకరినొకరు తరుముకున్నారు. కొందరికి గాయాలయ్యాయి. పేటల్లో పోలీసు పికెట్లు పెట్టారు, 144 సెక్షన్ విధించారు, మంత్రులు వచ్చి కూర్చోబెట్టి మాట్లాడారు. అదే ఏడాది జూలైలో మళ్లీ మంట లేచింది.

గొడవంతా ఒక వల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ వలను ఒడ్డుకు ఎంత దూరంలో వెయ్యాలన్నదాని గురించి. దానికి చట్టంలో సమాధానం ఉంది: ఎనిమిది కిలోమీటర్ల అవతల. ఆ మాట 1990ల నుంచీ కాగితం మీద ఉంది. లేనిదల్లా ఆ ఎనిమిదో కిలోమీటరు దగ్గర నిలబడి చూసే మనిషే.

రింగు వల ఏం చేస్తుంది

మామూలు వల చేప కోసం కాచుకుంటుంది. సాయంత్రం వేసి తెల్లారి తీస్తే, దారిన పోతూ తల దూర్చిన చేప దొరుకుతుంది, మిగిలింది పోతుంది. రింగు వల అలా కాదు. ముందు పడవ నడిపే సరంగు చేపల గుంపును కనిపెడతాడు. నీళ్ల రంగు మారడం చూసో, పైన పక్షులు మూగడం చూసో, ఇప్పుడైతే ఎకో సౌండర్ తెర చూసో. కవ్వళ్ల గుంపో కానాగంతల గుంపో కనబడగానే పడవ దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతూ వలను వదిలేస్తుంది. వందల మీటర్ల పొడవున నీళ్లలో ఒక గోడ లేస్తుంది. పై అంచున బెండ్లు, కింది అంచున బరువులు, వాటి వెంట వరసగా లోహపు రింగులు. ఆ రింగుల్లోంచి ఒక తాడు పోతుంది. చుట్టు పూర్తవగానే ఆ తాడును లాగుతారు. వక్కల సంచి మూతి బిగించినట్టు వల అడుగు మూసుకుపోతుంది. ఇక కిందికి పోవడానికి దారుండదు, పక్కకు పోవడానికీ ఉండదు. గుంపుకు గుంపే పైకి వస్తుంది.

ఒక్క వేటలో టన్నులు పడొచ్చు. అదే దాని బలం, అదే తగువు. చిన్న పడవ మీద ఇద్దరో ముగ్గురో పోయి కొక్కేలు, చిన్న వలలు వేసుకునేవాడికి ఆ గుంపు ఒడ్డు దగ్గరికి వచ్చినప్పుడే కూడు. వాడికి ఎనిమిది కిలోమీటర్లు దాటి పోయే ఇంజనూ లేదు, డీజిలుకు డబ్బూ లేదు. ఆ గుంపును ఒడ్డుకు రాకముందే, లేదా ఒడ్డున వాడి కళ్ల ముందే ఒక రింగు వల చుట్టేస్తే, ఆ వారం వాడింట్లో పొయ్యి వెలగదు.

అలాగని రింగు వల వాళ్లను దొంగలుగా చూపించడం అన్యాయం. వాళ్లూ జాలర్లే. ఒక రింగు వల సెట్టు లక్షల్లో పని. అప్పులు తెచ్చి, వాటాలు కలుపుకుని, ఒక్కో సెట్టు మీద ముప్పై నలభై మంది బతుకుతారు. మేం ఎనిమిది కిలోమీటర్లు దాటే వేస్తున్నామంటారు వాళ్లు. కాదు, లోపలే వేస్తున్నారంటారు వీళ్లు. ఇద్దరిలో ఎవరిది నిజమో ఆ క్షణాన సముద్రంలో చూసి చెప్పే మూడో మనిషి లేకపోతే, తీర్పు కర్రలకూ అగ్గిపెట్టెలకూ పోతుంది. విశాఖలో జరిగింది అదే.

ఇది ఒక్క విశాఖ జబ్బూ కాదు. చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం జాలర్ల మధ్య 2020 డిసెంబరులో బల్ల వల మీద లేచిన తగువు ఇలాంటిదే. చిన్న కన్నున్న వలతో పిల్ల చేపను కూడా ఊడ్చేస్తున్నారన్నది అక్కడి ఫిర్యాదు.

చట్టం ఎలా వచ్చింది

1960, 70ల్లో దేశమంతటా ట్రాలర్లు పెరిగాయి. రొయ్యకు విదేశాల్లో గిరాకీ ఉంది, రొయ్య ఉండేది ఒడ్డు దగ్గరి నీళ్లలోనే. ట్రాలరు సముద్రం అడుగున వలను ఈడ్చుకుంటూ పోయేది, దారిలో చిన్న జాలరి వేసుకున్న వలలు తెగిపోయేవి. తమిళనాడులో, గోవాలో, కేరళలో రక్తం చిందింది. 1976లో కేంద్రం మజుందార్ కమిటీని వేసింది. దాని సిఫారసుల మీద 1979లో ఒక నమూనా బిల్లు తయారు చేసి రాష్ట్రాలకు పంపింది. కేరళ, గోవా 1980లోనే చట్టాలు చేసుకున్నాయి. తమిళనాడు 1983లో చేసుకుంది. తొమ్మిది వందల డెబ్భై నాలుగు కిలోమీటర్ల తీరం మాదని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్న మనం మాత్రం 1994 దాకా ఆగాం. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఆ ఏడాదిది.

రాజ్యాంగం లెక్క ప్రకారం 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా, చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఆపైన 200 నాటికల్ మైళ్ల దాకా కేంద్రానిది. మన రాష్ట్ర నిబంధనల్లో ముఖ్యమైనవి ఇవి: ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే. మరబోట్లు ఆ అవతల. 20 మీటర్లకు మించిన పెద్ద ఓడలు 23 కిలోమీటర్లు దాటాక. వల కన్ను 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రొయ్యల ట్రాలు వలకు తాబేలు తప్పించుకునే పరికరం ఉండాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలు వేటకు పోకూడదు.

ఎనిమిది కిలోమీటర్లన్న గీతలోనే ఒక చిక్కుంది. చేపకు కిలోమీటర్లు తెలియవు, లోతు తెలుసు. కాకినాడ అఖాతంలో ఎంతో దూరం పోయినా నీళ్లు లోతెక్కవు. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. ఒకే దూరం రెండు చోట్లా రెండు రకాల చేపను కాపాడుతుంది, లేదా కాపాడకుండా పోతుంది. కేరళ తొలినాళ్ల నుంచీ లోతును కూడా లెక్కలోకి తీసుకుంది. మనం ఈ గీతను మళ్లీ గీసుకోవాలన్న మాట జాలర్లే అంటున్నారు. నాకూ అది న్యాయంగానే తోస్తుంది. గీత మారేదాకా ఉన్న గీతనైనా కాపాడాలిగా.

కన్ను కొలిచేదెవరు

వల కన్ను కొలవడం తేలికనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. తడి వలను పట్టుకుని ఒక కన్నును రెండు వేళ్లతో బిగువుగా సాగదీసి, ఎదురెదురు ముళ్ల లోపలి అంచుల మధ్య దూరం చూడాలి. ఎండిన వలకూ తడిసిన వలకూ తేడా వస్తుంది. చేయి బిగిస్తే ఒక లెక్క, వదులు చేస్తే ఒక లెక్క. అందుకే ఒక చోట చూసి వదిలేయకుండా చాలా కన్నులు వరసగా కొలిచి సగటు తీస్తారు. ఇదంతా ఊగే పడవ మీద, చుట్టూ కోపంగా చూసే ఇరవై మంది మధ్య ఒక మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు చెయ్యాలి.

అంతకంటే పెద్ద సంగతి, కన్ను ఎంత అన్నదే కాదు, ఎలా తెరుచుకుని ఉంటుందన్నది. మామూలు ట్రాలు వలలో కన్ను వజ్రం ఆకారంలో ఉంటుంది. వల సంచిలో చేప పడేకొద్దీ బరువుకు అది సాగి, మూసుకుపోతుంది. కొలిచినప్పుడు నిబంధనకు సరిపోయిన వలే నీళ్లలో చిన్న చేపను కూడా వదలదు. చదరపు కన్నున్న సంచి అయితే లాగుడులోనూ తెరుచుకునే ఉంటుంది, పిల్ల చేప జారిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. గుజరాత్ తన నిబంధనల్లో ట్రాలు వల సంచికి 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను రాసుకుంది. మన దగ్గర ఇంకా 15 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నాం. పదిహేను మిల్లీమీటర్లంటే బొటనవేలి గోరంత. దాన్ని దాటి పోగలిగే పిల్ల చేప ఎంత చిన్నదై ఉండాలో ఆలోచించండి.

పిల్ల చేపకు ఇక్కడ వేరే ధర ఉంది. తినడానికి కొనేవాడు లేకపోయినా, ఎండబెట్టి కోళ్ల మేతకూ చేపల మేతకూ పోయే పొడికి కొనేవాడున్నాడు. ట్రాలర్లు వేట చివర్లో తెచ్చే ఆ కలగాపులగపు రాశిని రేవులో తట్టలకెత్తి అమ్మేస్తారు. అందులో ఒక ఏడాది ఆగితే కిలో తూగే చేపలెన్నో ఉంటాయి. చిన్న కన్ను వల బతుకుతున్నది ఆ కొనేవాడి వల్లే.

కేరళ ఈ పిల్ల చేప సంగతిని ముందుగా పట్టుకుంది. ఏ జాతి చేపను ఎంత పొడవు దాటాకే పట్టాలో 2015 నుంచి నిబంధనగా పెట్టింది. కవ్వళ్లకు 10 సెంటీమీటర్లు. అంతకంటే చిన్నవి దించిన పడవలను రేవులోనే పట్టుకుని సరుకు స్వాధీనం చేసుకుంటున్నారు. 2012లో దాదాపు నాలుగు లక్షల టన్నుల కవ్వళ్లు దొరికిన కేరళలో 2021 నాటికి అది నాలుగు వేల టన్నులకు కూడా చేరలేదు. ఆ పతనానికి సముద్రంలో వచ్చిన మార్పులు ముఖ్య కారణమని శాస్త్రవేత్తలే అన్నారు. అయితే చేప తగ్గిన కాలంలో పిల్లను కూడా పట్టేస్తే కోలుకోవడం ఆలస్యమవుతుందన్నదీ వాళ్ల మాటే. కేరళలో ఆ కొలత పని చేయడానికి కారణం, దాన్ని రేవులో నిలబడి స్కేలుతో చూడొచ్చు. సముద్రంలోకి పోనక్కర్లేదు.

ఒడ్డున ఉండిపోయే చట్రం

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లోనే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక మీద చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చాలి. ట్రాలు వలలో చిక్కి గంటల తరబడి అడుగున ఉండిపోతే ఊపిరాడక చస్తుంది.

దానికి మందు కనిపెట్టారు. వల సంచికి ముందు ఏటవాలుగా ఒక లోహపు చట్రం, దానికి నిలువు కడ్డీలు. రొయ్య, చేప కడ్డీల సందుల్లోంచి వెనక్కి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి, వాలు వెంట జారి, పైనున్న రంధ్రంలోంచి బయటికి వెళ్లిపోతుంది. దాన్నే టెడ్ అంటారు. మన నీళ్లకు తగ్గట్టు కొచ్చి సంస్థ ఒక నమూనా చేసింది, ప్రభుత్వాలు ఉచితంగా పంచాయి కూడా.

తనిఖీ ఉంటుందని తెలిసిన రోజు చట్రం వలలో ఉంటుంది. మిగతా రోజుల్లో ఒడ్డున ఉంటుంది, లేదా రంధ్రం మూతకు తాడు కట్టేసి ఉంటుంది. రంధ్రంలోంచి తాబేలుతో పాటు నాలుగు పెద్ద చేపలూ పోతాయన్నది బోటు యజమాని బాధ. ఆ నష్టం చాలా తక్కువని సంస్థ చెప్పింది గానీ, వలలో ఏం పోయిందో కంటితో చూడలేని సరంగుకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు.

ఈ నిర్లక్ష్యానికి దేశం ధర కట్టింది. టెడ్ వాడని దేశాల నుంచి సముద్రపు రొయ్యను కొనకూడదని అమెరికాలో 1989 నుంచి చట్టం ఉంది. 2019లో ఆ చట్టం కింద మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసింది. చెరువుల్లో పెంచిన రొయ్యకు అది వర్తించలేదు కాబట్టి భీమవరం రైతు బతికిపోయాడు. కాకినాడ, విశాఖ ట్రాలర్ల యజమానులకు మాత్రం ఒక పెద్ద కొనుగోలుదారు పోయాడు. నాలుగు చేపలు దక్కించుకోవడానికి వదిలేసిన చట్రం ఒక దేశం మార్కెట్టునే పోగొట్టింది.

పహారా ఎవరిది

చట్టాన్ని అమలు చేయాల్సింది మత్స్యశాఖ. గస్తీ పడవ, డీజిలు, సిబ్బంది కోసం ఆ శాఖ ఇతరుల వైపు చూడాల్సిందే. తీర భద్రతా పోలీసుల పడవలున్నాయి. అవి ముంబయి దాడుల తర్వాత పెరిగినవి, వాళ్ల మొదటి పని చొరబాట్లను చూడటం. కోస్ట్‌గార్డు ఓడలున్నాయి, వాళ్ల కన్ను దూరపు నీళ్ల మీద. ఒడ్డుకు ఏడో కిలోమీటరులో రాత్రి రెండింటికి ఏ వల పడిందో చూడటం ఈ మూడింటిలో ఏదీ తన మొదటి పనిగా పెట్టుకోలేదు.

నెల్లూరు తీరంలో దీని ఫలితం చూడొచ్చు. తమిళనాడు నుంచి ఎక్కువ హార్స్‌పవర్ ఇంజన్లతో పెద్ద బోట్లు వచ్చి ఒడ్డు దగ్గరే వలలు ఈడుస్తాయి. ఇస్కపల్లి లాంటి ఊళ్ల జాలర్లు చాలాసార్లు తామే పడవలేసుకుని పోయి వాటిని పట్టుకొచ్చి ఒడ్డున కట్టేశారు. అప్పుడు అధికారులు వస్తారు, రెండు రాష్ట్రాల పెద్దలు మాట్లాడుకుంటారు, జరిమానా కట్టి బోట్లు వెళ్లిపోతాయి. చట్టం అమలయింది. చేసింది మాత్రం చొక్కా లేని జాలరి, ప్రాణం పణంగా పెట్టి.

ఊరి కట్టుబాటు ఎంత బలమైనదో తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. పులికాట్ సరస్సులో ఏ రోజు ఎవరు ఏ చోట వల వెయ్యాలో పాడు పద్ధతిలో వంతులు వేసుకుంటారు. ఏ ప్రభుత్వమూ రాయని ఆ నియమం తరతరాలుగా నిలిచింది. అందరూ కూర్చుని ఒప్పుకున్నది, తప్పినవాడిని అందరూ చూసేది కాబట్టి నిలిచింది. కొత్త వల, పెద్ద ఇంజను, బయటి పెట్టుబడి వచ్చాక ఆ కట్టుబాటు ఒక్కటే చాలదు. అక్కడే రాజ్యం పడవ కావాలి.

12 మైళ్ల అవతల పరిస్థితి ఇంకా వింత. విదేశీ పడవలకు 1981 చట్టం ఉంది. మన పడవలకు చాలాకాలం సరైన నిబంధనే లేదు. బలమైన ఎల్‌ఈడీ దీపాలు వేసి చేపను పోగు చేసి పట్టడాన్ని, రెండు పడవలు ఒకే వలను లాగడాన్ని కేంద్రం 2017 నవంబరులో నిషేధించింది. 2025 నవంబరులో ఆ నీళ్లన్నిటికీ నిబంధనలు తెచ్చి, మరబోట్లకు అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. తమిళనాడు 2000లోనే నిషేధించిన రింగు వల తరహా వేట కేసు సుప్రీంకోర్టుకు పోతే, 2023 జనవరిలో కోర్టు మధ్యంతరంగా 12 మైళ్ల అవతల వారానికి రెండు రోజులు, సోమ గురువారాలు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా అనుమతించింది. జాడ చెప్పే పరికరం పడవలో ఉండాలంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ ఆధారంతో అన్నవి మూడూ ఆ ఉత్తర్వులో ఉన్నాయి. మన 8 కిలోమీటర్ల గీతకు ఎక్కడ అన్నదొక్కటే ఉంది.

ఆధారం ఇప్పుడు దొరుకుతుంది. లక్ష పడవలకు ఇస్రో సాంకేతికతతో ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రధాని ప్రారంభించారు. తుపాను హెచ్చరిక పడవకు చేరడానికి, ఆపదలో సాయం అడగడానికి అది ప్రాణదాత. రింగు వల పడవల్లో కూడా దాన్ని బిగిస్తే, ఏ పడవ ఏ రాత్రి ఏడో కిలోమీటరులో ఉందో చెబుతుంది. పూర్వం విశాఖ డాల్ఫిన్ నోస్ కొండనూ మిగతా కొండలనూ గురుతు పెట్టుకుని దూరం లెక్కేసిన జాలర్లు ఇప్పుడు ఫోనులో జీపీఎస్ చూస్తున్నారు. దూరం తెలియక లోపలికి వచ్చానన్న మాటకు కాలం చెల్లింది.

ఖాళీ సముద్రం ఎక్కడికి తోస్తుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ల నుంచి వందల మంది యువకులు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద కళాసీలుగా పోతారు. అలా పోయినవాళ్లు 2018లో సరిహద్దు నీళ్లలో పాకిస్తాన్‌కు చిక్కి ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. సొంత ఊరి ముందు సముద్రం ఉండగా ఈ కొస నుంచి ఆ కొసకు ఎందుకు పోయారన్న ప్రశ్నకు హార్బర్ల కొరత, అప్పులు, ఇంకా చాలా కారణాలున్నాయి. చిన్న పడవకు ఒడ్డు దగ్గర చేప దొరక్కపోవడం అందులో ఒకటి.

ఈ నియమాలన్నిటిలో 61 రోజుల వేట నిషేధాన్ని మాత్రం జాలర్లు చాలామటుకు పాటిస్తారు. రేవులో బోట్లన్నీ ఒకేసారి ఆగుతాయి, ఎవరు కదిలినా అందరికీ కనిపిస్తుంది. పైగా దానికి భృతి ఉంది. 2025 నుంచి కుటుంబానికి 20 వేలు ఇస్తున్నారు. 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు. అది చాలదన్నది నిజమే. అయినా ఒక నష్టాన్ని ఒప్పుకుని, దానికి సాయం చేసి, ఆపైన నియమం పెట్టారు కాబట్టి అది నిలబడింది. కన్ను పెంచమన్నప్పుడు, చట్రం బిగించమన్నప్పుడు, గీత దాటొద్దన్నప్పుడు ఆ పని చెయ్యలేదు.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సింది కొత్త చట్టం కాదు. ప్రతి తీర జిల్లాకూ వేట గస్తీకే ఒక పడవ, దానికి ఏడాది పొడవునా డీజిలు, మీద మత్స్యశాఖ అధికారితో పాటు రెండు పక్షాల పేటల నుంచీ ఒక్కో మనిషి. ప్రతి రింగు వల పడవకూ ట్రాన్స్‌పాండరు, దాని రాత లేనిదే లీటరుకు 9 రూపాయల డీజిల్ రాయితీ లేదన్న షరతు. చిన్న కన్ను వలను సముద్రంలో వెతకడం మాని, అమ్మే దుకాణంలో ఆపడం. పిల్ల చేపను రేవులోనే కొలిచి, కొనే మేత ఫ్యాక్టరీ మీద కేసు పెట్టడం. వీటిలో చాలావాటిని ఇప్పుడున్న అధికారాలతోనే మొదలుపెట్టొచ్చు. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగిసి బోట్లు కదిలే వేళకు ఆ గస్తీ పడవ నీళ్లలో ఉండాలి. విశాఖ, బాపట్ల, నెల్లూరు కలెక్టర్లు మొదటగా దాని సంగతి చూడాలి.

చేప కొనే మనమూ ఒక పని చెయ్యొచ్చు. బజారులో వేలెడంత వంజరం పిల్లలు తక్కువ ధరకు కుప్ప పోసి కనిపిస్తే, కొనకండి.